తీరిక వేళ కుట్టినవి కావు

మొన్న సిరిమాను పండక్కి విజయనగరంలో పెట్టిన ప్రదర్శనలో మా డ్వాక్రా గ్రూపుకి ఒక బల్ల దొరికింది. నేను ఏడు బొంతలు పట్టుకెళ్ళాను, అన్నీ పసిపిల్లలవే. మధ్యాహ్నం రెండు దాటాక ఒకావిడ వచ్చారు. కూతురికి ఏడో నెలట. గళ్ళ బొంత ఒకటి తీసి, మడత విప్పి, బుగ్గకి ఆనించుకుని చూశారు. అలా చూసేవాళ్ళంటే నాకు ప్రాణం. బొంత ఎందుకో తెలిసినవాళ్ళే అలా చూస్తారు. రేటు చెప్పాను, 1,650 అని. ఆవిడ బొంతని మళ్ళీ ఉన్న మడతల్లోనే పెట్టి, చాలా మెత్తగా, "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకున్నవే కదమ్మా. బట్ట కూడా పాత చీరలే. వెయ్యికి ఇచ్చెయ్యి" అన్నారు.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ గొంతులో చులకన లేదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. కోపం రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మ గురించి ముప్ఫై ఏళ్ళపాటు నేను అన్నమాట కూడా అదే.

"ఖాళీగా ఉన్నప్పుడు", "తీరిక వేళల్లో", "ఊసుపోక". చేతిపని మాట ఎత్తితే చాలు, ఈ మాటలు వెనకే వచ్చేస్తాయి. అమ్మేవాళ్ళం మేమూ అంటాం, కొనేవాళ్ళూ అంటారు, మమ్మల్ని మెచ్చుకుంటూ పేపర్లో రాసేవాళ్ళూ అంటారు. ఈ మాట అబద్ధమనీ, మా చేతుల్ని పాడు చేస్తున్నది ఇదేననీ ఈమధ్యే నాకు గట్టిగా అనిపిస్తోంది. అలాగని ఆ మాటని తీసేస్తే అన్నీ సర్దుకుంటాయా అంటే, అదీ చెప్పలేకపోతున్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అమ్మ రాట్నం

మాది పొందూరు పక్క పల్లె. అమ్మ నూలు వడుకుతుంది. చిన్నప్పుడు పొద్దున్నే మెలకువ వచ్చేది రాట్నం చప్పుడుకే. పొందూరు సన్న ఖద్దరంటే అందరికీ తెలిసిందే గానీ, రాట్నం దాకా రాకముందు ఎంత పనుందో దగ్గరుండి చూసినవాళ్ళకే తెలుస్తుంది. వాలుగ చేప దవడ ఎముకకి దువ్వెన కంటే సన్నగా పళ్ళుంటాయి. ఆ దవడతో పత్తిని గింజతో సహా దువ్వాలి. చెత్తంతా రాలి, పీచు ఒక దిక్కుకి సాగుతుంది. తరవాత చిన్న పలక మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ అటు జారుతుంది, దూది ఇటు వస్తుంది. ఆ దూదిని వింటితో ఏకాలి. ఏకిందాన్ని ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచుకోవాలి, గాలీ చెమటా తగలకుండా. ఇంతయ్యాక రాట్నం.

నూరో నంబరు నూలంటే ఏమిటో నాకు నలభై ఏళ్ళొచ్చాక గానీ అర్థం కాలేదు. 840 గజాల నూలు చుట్టని చిలప అంటారు, అలాంటి చిలపలు వంద కలిపి తూస్తే ఒక్క పౌను తూగాలి. అంటే నాలుగు వందల యాభై గ్రాముల నూలు విప్పి పరిస్తే డెబ్భై ఆరు కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా రోడ్డు పొడుగునా పరిచినా ఇంకా మిగులుతుంది. ఆ పొడుగంతా ఒక మనిషి వేళ్ళ మధ్యనుంచి జారింది. తెగినచోటల్లా ఉమ్మితో తడిపి అతికింది.

కాలేజీలో స్నేహితులు మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే నేను చెప్పేదాన్ని: "ఏం లేదు, ఖాళీగా కూర్చోలేక నూలు వడుకుతుంది." నా ఇంటర్ ఫీజు, పరీక్షలకి కొన్న పెన్నులు, తమ్ముడికి పచ్చకామెర్లు వచ్చినప్పుడు మందులు, అన్నీ ఆ ఖాళీలోంచే వచ్చాయి.

ఇందులో తప్పంతా నాది కూడా కాదు. 1925లో పాట్నాలో అఖిల భారత చరఖా సంఘం పెట్టేనాటికి రాట్నం గురించి పెద్దలు చెప్పిందీ ఇదే. పొలం పనుల్లేని నెలల్లో, తీరిక దొరికినప్పుడు వడికితే పల్లె ఆడవాళ్ళకి నాలుగు డబ్బులు చేరతాయని. పదేళ్ళు తిరిగేసరికి 1935లో గాంధీయే ఆ పద్ధతి చాలదన్నారు. వడికే మనిషికి బతకడానికి చాలినంత కూలి ముట్టాలి, ఎనిమిది గంటల వడుకుకి ఎనిమిది అణాలు దక్కాలి అని పట్టుబట్టారు. ఖద్దరు ధర పెరిగితే ఇంక కొనేదెవరని సొంత మనుషులే భయపడ్డారు. ఎనిమిది అణాల దాకా వెళ్ళలేదు గానీ కూలి పెంచక తప్పలేదు. ఈ సంగతి చదివినరోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. విజయనగరం బల్ల దగ్గర మేము తేల్చుకోలేకపోతున్నది తొంభై ఏళ్ళ కిందటి తగువే.

చిటికెన వేలు ఒక్కటే మెలకువగా ఉండేది

నేను లెక్క రాయడం మొదలుపెట్టింది ధర కోసం కాదు, చేతి కోసం. కిందటేడు వానాకాలంలో రాత్రిళ్ళు కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేసేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారిపోయేవి. చిటికెన వేలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండేది. చెయ్యి విదిలించుకుంటూ వీధి అరుగు మీద కూర్చునేదాన్ని. పొద్దున్న సూదిలోకి దారం ఎక్కేది కాదు. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. తీరా చూస్తే కంటిది కాదు, వేలిది. సూది పట్టుకున్నానో లేదో వేలికి తెలియడం లేదు.

డాక్టరు గారు మణికట్టు మడిచి, తట్టి చూసి, అక్కడ ఇరుకు దారిలో నరం నలుగుతోందన్నారు. కార్పల్ టన్నెల్ అంటారట. చిటికెన వేలికి వెళ్ళే నరం వేరు, అందుకే దానికి ఏమీ లేదు. థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించారు. రాత్రిళ్ళు చెయ్యి తిన్నగా ఉండేలా పట్టీ కట్టుకోమన్నారు. చివరికి ఒక ప్రశ్న వేశారు: "రోజుకి ఎన్ని గంటలు కుడతారు?"

నేను చెప్పిన జవాబు: "గంటలేం ఉండవండీ, తీరిక దొరికినప్పుడు కుడతాను."

ఆవిడ కలం పక్కన పెట్టి నావైపు చూశారు. "తీరిక దొరికినప్పుడు కుడితే నరం ఇంతలా నలగదమ్మా. వారంరోజులు రాసి తీసుకురండి" అన్నారు.

రాశాను. మా అబ్బాయి వాడగా మిగిలిన రూళ్ళ పుస్తకంలో. పొద్దున్న వంటయ్యాక గంటన్నర. మామయ్యగారికి స్నానం, ఫలహారం అయ్యాక రెండు గంటలు. రాత్రి అందరూ పడుకున్నాక మళ్ళీ గంటన్నర. రోజుకి ఐదు. ఇందులో తీరిక ఎక్కడుందో నాకు కనపడలేదు. ఇంటిపని అయిపోగా మిగిలిన టైము కాదు అది, నిద్రలోంచి కోసుకున్నది. 2024లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ 289 అయ్యాకే మా సూది మొదలవుతుంది. దాన్ని తీరిక అని పిలిచింది ఎవరో గానీ, ఒక్కరోజైనా మా ఇంట్లో ఉండి చూసిన మనిషై ఉండరు.

పుస్తకం ఉంది కదా అని ఒక బొంతకి ఎంత పడుతోందో కూడా రాశాను. మూడడుగులు, మూడున్నర అడుగుల పసిబొంత. చీరలు నానబెట్టి, ఉతికి, గంజి వదిలించి, ఎండకి పట్టి చూసి, నీరసించిన చోట వదిలేసి కత్తిరించడానికి 4 గంటలు. పొరలు పరిచి, ముడత లేకుండా లాగి, పెద్ద టాకాలు వెయ్యడానికి 3. వరస కుట్టుకి 27. అంచు తిప్పి కుట్టడానికి 4. మొత్తం 38 గంటలు. దారం, సబ్బు, కరెంటుకి 70 రూపాయలు. బల్ల అద్దెలో వాటా, బస్సు చార్జీలు 90. అప్పటిదాకా నేను అమ్ముతున్నది వెయ్యికి. ఖర్చులు పోను 840 మిగిలితే, గంటకి 22 రూపాయలు. ఎనిమిది గంటల రోజుకి 177. మన రాష్ట్రంలో 2025-26 ఉపాధి హామీ కూలి 307.

చెరువులో మట్టి తీసే పని కంటే నా పని గొప్పదని అనను. తక్కువదని మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? ముప్ఫై ఎనిమిది గంటలకీ ఆ కూలే కట్టి చూస్తే 1,458, ఖర్చులు కలిపితే 1,618. నేను 1,650 అని పెట్టాను. మిగిలిన ముప్ఫై రెండు రూపాయలు నా మణికట్టువి. దాని పట్టీకి, దాని మందుకి, ఏదో ఒకరోజు దానికి ఇవ్వాల్సిన సెలవుకి.

పాత చీరలే కదా అన్నారు ఆవిడ. అవును, పాతవే. పసిబిడ్డ ఒంటికి కొత్త బట్ట గరుకు. వంద ఉతుకులు ఉతికిన నూలు చీరే మెత్తన, అందుకే మన పెద్దవాళ్ళు పొత్తిళ్ళకి పాత చీరలే దాచేవారు. బట్టకి ఖరీదు లేదు కాబట్టే బొంత ధరలో ఉన్నదంతా మనిషి. పట్టుచీరలో పట్టుంది, జరీ ఉంది, ఇత్తడి చెంబులో ఇత్తడి ఉంది. బొంతలో గంటలు తప్ప ఏమీ లేవు. అందులో తగ్గించమంటే ఎక్కడ తగ్గించను?

నా కష్టం అమ్మడం లేదు

ఇక్కడ నా మనసుకి తట్టిన ఇంకో ముక్క చెప్పాలి. రెండేళ్ళ కిందట రథసప్తమి వెళ్ళిన వారానికే మామయ్యగారికి కుడిపక్క పక్షవాతం వచ్చింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. వార్డు బయట నేలమీద దుప్పటి పరుచుకుని కూర్చున్నదాన్ని, చేతులు ఊరుకోక నీలం బొంత ఒకటి కుట్టాను. ఇంటికొచ్చాక ఎండలో పరిచి చూస్తే నడిమధ్య నాలుగు వరసలు వంకర. ఆయన మమ్మల్ని గుర్తుపట్టని రెండు రోజులవి. కుట్టు ఒకచోట చీమ బారంత దగ్గరగా, ఒకచోట వడ్లగింజంత దూరంగా ఉంది.

తరవాత దాన్ని కొనడానికి వచ్చినాయన ఆ వరసలు పట్టుకుని రెండు వందలు తగ్గించమన్నారు. తగ్గించాను. మా ఆయన నొచ్చుకున్నారు. "అవి ఎక్కడ కూర్చుని కుట్టావో చెప్పి ఉండాల్సింది, అడిగింది ఇచ్చేవాడు" అన్నారు. నిజమే, చెప్తే ఇచ్చేవాడే. కానీ చెప్పకపోవడమే మంచిదైందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వంకర కుట్టు వంకర కుట్టే. బిడ్డకి బొంత కొనుక్కునే మనిషి మా ఇంటి జబ్బుకి డబ్బు కట్టక్కర్లేదు. ఈమధ్య చేతిపనులు అమ్మేవాళ్ళు ఫోటో కింద కన్నీళ్ళు కూడా రాస్తున్నారు, భర్త పోయాడనీ, బిడ్డకి ఆపరేషననీ. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ కష్టం చెప్పి అమ్మితే కొన్నవాళ్ళు ఒకసారే కొంటారు, దానం రెండోసారి చెయ్యరు. గంటలు చెప్పి అమ్మితే అది బేరం. నేను అడిగేది ముప్ఫై ఎనిమిది గంటల ధర. జాలి కలిపితే ఆ లెక్క పాడవుతుంది.

ఆ తరవాత మామయ్యగారికి ఎడమచెయ్యి బాగా వాడటం అలవాటైంది. ఫిజియోథెరపీ అబ్బాయి ఏదో ఒక పని ఇవ్వమంటే దారం కండెలు చుట్టమని ఇచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో దారం చిక్కుపడదు.

అమ్మ ఒప్పుకోలేదు

ఈ గంటల లెక్క అమ్మకి చెప్తే ఆవిడకి అస్సలు నచ్చలేదు. "లెక్కెట్టుకుంటే సెయ్యి ఆడదే" అంది. "మీ నాన్న ఎలిపోయినప్పుడు నాను రాట్నం ముందే కూసున్నాను. డబ్బులకేటి? అది లేపోతే నానేటైపోదునో."

దీనికి నా దగ్గర జవాబు లేదు. నాన్న పోయిన ఏడాది ఆవిడ వడికిన నూలు ఎవరి కోసమో కాదు, ఏ కూలికీ కాదు. ఆ గంటల్ని ఉపాధి హామీ కూలితో హెచ్చవేస్తే నాకే సిగ్గేసింది. పని మనిషిని నిలబెడుతుంది. ఆస్పత్రి నేలమీద నన్నూ నిలబెట్టింది. మరి గంటలు కట్టేస్తే ఆ ఓదార్పు పోదా? అమ్మ భయం అదే. నేను చాలారోజులు ఆలోచించాను. ఓదార్పు దొరికింది కదా అని కూలి ఎగ్గొట్టడం కుదరదు. పొలంలో పాట పాడుతూ నాట్లు వేసిన మనిషికి పాట పాడావు కాబట్టి కూలి సగమే అంటామా? అమ్మకి ఇదే చెప్పాను. "నాట్లు నాట్లే, రాట్నం రాట్నమే" అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

కానీ సంక్రాంతికి వెళ్ళినప్పుడు రాట్నం పక్కన పాత బిస్కెట్ డబ్బా కనపడింది. అందులో చింతపిక్కలు. మేనల్లుడు తగిలించిన గోడ గడియారంలో పెద్దముల్లు ఒక చుట్టు తిరిగితే ఒక పిక్క వేస్తోందట. చదువు రాదు కదా, పుస్తకం ఎలా రాస్తుంది? చాప మీద బోర్లించి ఐదేసి చొప్పున లెక్కపెట్టాం. ఆరు రోజులకి నలభై నాలుగు. డెబ్భై దాటిన మనిషి. ఆవిడ ఆ పిక్కల్ని చేత్తో జరుపుతూ, "ఇన్నేటే?" అంది. మళ్ళీ డబ్బాలో పోసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లక్ష్మివారం

ఇప్పుడు అన్నిటికంటే బరువైన సంగతి. విజయనగరం బల్లకి ఈ చివర నేను, ఆ చివర మా గ్రూపులోదే ఇంకొకామె. ఐదు బొంతలు తెచ్చింది. నా దగ్గర 1,650 విని వెళ్ళిన ఆ పెద్దావిడ ఆ చివరికి వెళ్ళారు, ఒక బొంత బుగ్గకి ఆనించుకున్నారు, కొనుక్కున్నారు. 700. సాయంత్రానికి ఆమెవి ఐదూ అయిపోయాయి. నావి మూడు. కిందటేడు అదే ప్రదర్శనలో వెయ్యి చొప్పున ఏడూ అమ్మి 7,000 తెచ్చినదాన్ని, ఈసారి 4,950 పట్టుకొచ్చాను. నా లెక్క ఎంత బాగున్నా సంచిలో డబ్బు తగ్గిందన్నది నిజం.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. రణస్థలం దాటేదాకా మాట్లాడుకోలేదు. నాకు ఒళ్ళు మండుతోంది. ఆమె పనితనం నాకంటే మేలు, ఒక్క కుట్టు పక్కకి పోదు. అలాంటి బొంతని 700కి ఇచ్చేస్తే మిగతావాళ్ళం ఏమైపోవాలి? అదే అడిగాను. ఆమె కిటికీ వైపే చూస్తూ అంది: "నీకు రేటు కావాలప్పా. నాకు లచ్చివారం నాటికి డబ్బులు కావాలి."

ఆమెది ఉద్దానం, కవిటి వైపు. భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఎన్ని ఇళ్ళల్లో ఈ జబ్బుందో, కారణం ఇంకా తేలలేదనీ మన శ్రీకాకుళం జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సోమవారం, లక్ష్మివారం డయాలసిస్. మిషను మీద పడుకోబెట్టడానికి డబ్బు తీసుకోరు. కానీ ఆటో ఊరికే రాదు. ఆ పూట ఆమె కూలి పోతుంది. రక్తం తగ్గితే ఇంజక్షనుకి పరుగెత్తాలి. సోమవారం రాత్రికి చేతిలో ఏమీ లేని మనిషికి 1,650 అని రాసిన చీటీ దేనికి పనికొస్తుంది? నా దగ్గర నాలుగు బొంతలు మిగిలితే ట్రంకుపెట్టెలో పెట్టుకుని దీపావళి దాకా ఆగగలను. మా ఆయన జీతం ఉంది కాబట్టి ఆగగలను. ఆగగలిగినవాళ్ళే ధర చెప్పగలరు. ఈ ముక్క నా రూళ్ళ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు, ఈసారి చేతి తిమ్మిరి వల్ల కాదు. నేను అన్నది తప్పా అని చాలా తన్నుకున్నాను. తప్పు కాదు. ఆమె గంటలు కూడా గంటలే, నా గంటల కంటే ఖరీదైనవి. ఆమె తక్కువకి ఇచ్చింది తీరిక వేళ కుట్టింది కాబట్టి కాదు, ఆగడానికి వీల్లేక. అలాంటప్పుడు ధర చెప్పమని ఆమెని పోరడం కాదు, ఆగే వీలు చూడాలి.

మా గ్రూపులో బొంతలు కుట్టేవాళ్ళం ఆరుగురం. తలా రెండు వందలు వేసి 1,200 పోగుచేశాం. బొంత పూర్తయి చేతికి వస్తే, అమ్ముడుపోకముందే 500 ఇచ్చేస్తాం. అమ్ముడుపోయాక ఆ 500 డబ్బాలోకి వెనక్కి, పైన ఇంకో 50. షరతు ఒక్కటే, 1,650 కంటే తక్కువకి అమ్మకూడదు. మొదటి లక్ష్మివారం ఆమె రెండు బొంతలు తెచ్చింది. వెయ్యి ఇచ్చాం. పుస్తకంలో వేలిముద్ర వెయ్యబోతుంటే, "నాకు సంతకం వొచ్చప్పా" అని నిదానంగా పెట్టింది.

రెండిట్లో ఒకటి అమ్ముడైంది, బరంపురంలో ఉండే వాళ్ళెవరో ఫోన్‌పే చేశారు. రెండోది ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉంది. అమ్ముడుపోని బొంత మీద ఇచ్చిన డబ్బు ఎవరు భరించాలన్నది మేము ఇంకా తేల్చుకోలేదు. ఇద్దరు ఆమె వాటాలోంచి పట్టుకోవాలంటున్నారు, నేను వద్దంటున్నాను. నా చేతికి పట్టీ ఇంకా ఉంది. రోజుకి మూడు గంటలు దాటి కుట్టొద్దన్నారు, నెలకి రెండు బొంతలు తేలుతున్నాయి. డబ్బాలో ఇప్పుడు 750 ఉంది. ఈ లక్ష్మివారానికి ఇద్దరు అడిగారు.